పండ్లచెట్ల నీడలో అడవి పుట్టగొడుగులు

కొండవాలులో పండ్లచెట్లు నాటిన రైతు మొదటి కాపు కోసం కొన్నేళ్లు ఎదురుచూడవలసి ఉంటుంది. కాపు మొదలైన తరువాత కూడా ఏడాదికి ఒక్కసారి చేతికందే ఆ పంటను వడగండ్ల వానో, పూత వేళ కురిసిన మంచో, సంతలో పడిపోయిన ధరో ఒక్క వారంలో దెబ్బతీయవచ్చు. ఆ చెట్ల నడుమ ఖాళీగా ఉండే నేలలోనే, రాలిన ఆకుల కింద, అడవిలో వాటంతటవే మొలిచే తినదగిన పుట్టగొడుగులను కూడా పండించగలిగితే రైతుకు మరో ఆదాయం దొరుకుతుందనీ, అడవి మీద ఏరివేత ఒత్తిడి కొంత తగ్గుతుందనీ ఐరోపా పర్వత ప్రాంతాలలోనూ, చైనా నైరుతి కొండలలోనూ, హిమాలయ రాష్ట్రాలలోనూ చాలాకాలంగా ప్రయత్నాలు సాగుతున్నాయి. చెట్లను, పంటలను, వీలైతే పశువులను కూడా ఒకే నేలలో ఒకదానికొకటి తోడయ్యేలా పెంచే ఈ విధానాన్ని వన వ్యవసాయం అంటారు. ఈ ప్రయత్నాలలో ఫలించినవాటినీ ఫలించనివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ తోటలో ఏ పుట్టగొడుగు మొలుస్తుందన్నది సంతలోని ధరను బట్టి గాని రైతు పెట్టే పెట్టుబడిని బట్టి గాని తేలే విషయం కాదని, ఆ తోటలోని చెట్టు వేరును బట్టీ ఆ వేరు చుట్టూ ఉన్న మట్టిని బట్టీ తేలుతుందని స్పష్టమవుతుంది.

నేల మీద గొడుగులా కనిపించేది శిలీంధ్రంలో ఒక చిన్న భాగం మాత్రమే. సంతానవృద్ధి కోసం అది కొద్దిరోజుల పాటు పైకి వస్తుంది. అసలు శిలీంధ్రం మట్టిలోనో, చివుకుతున్న కలపలోనో సన్నని తెల్లని పోగుల అల్లికగా ఏళ్ల తరబడి బతుకుతుంది. ఈ అల్లికను మైసీలియం అంటారు. పత్రహరితం లేనందున శిలీంధ్రం తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు కాబట్టి, దానిని సాగుచేయడం సాధ్యమా కాదా అన్నది అది ఆహారం సంపాదించుకునే తీరును బట్టి ఉంటుంది. కొన్ని శిలీంధ్రాలు ఎండుగడ్డిని, రాలిన ఆకులను, చచ్చిన కలపను కుళ్లబెట్టి బతుకుతాయి. వీటిని పూతికాహారులు అంటారు. దుకాణాలలో దొరికే బటన్, ఆయిస్టర్, పాల పుట్టగొడుగు, వరిగడ్డి పుట్టగొడుగు అన్నీ ఈ తెగకు చెందినవే కావడం వల్లనే వాటిని గదులలో పెంచడం వీలైంది. మరికొన్ని శిలీంధ్రాలు బతికి ఉన్న చెట్ల వేళ్లతో పొత్తు కుదుర్చుకుని, వేరు చొరలేని మట్టి సందులలోంచి నీటిని, భాస్వరాన్ని, నత్రజనిని తెచ్చి చెట్టుకు ఇస్తూ, బదులుగా చెట్టు ఆకులలో తయారైన చక్కెరలను తీసుకుంటాయి. వేరు, శిలీంధ్రం కలిసి ఏర్పరిచే ఈ జంట అవయవానికి మైకోరైజా అన్న పేరును 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ పెట్టాడు. ట్రఫుల్ అనే ఖరీదైన భూగర్భ శిలీంధ్రాన్ని ప్రష్యాలో పండించే ఉపాయం వెతకమని ప్రభుత్వం అప్పగించగా, ఆ పనిలో భాగంగా చెట్ల వేళ్లను పరిశీలిస్తూ ఆయన ఈ పొత్తును గుర్తించాడు. అంటే వృక్షశాస్త్రంలో ఒక ముఖ్యమైన అధ్యాయం పుట్టగొడుగుల సాగు గురించి వేసిన ప్రశ్నతోనే తెరుచుకుంది.

మైకోరైజాలో రెండు ప్రధానమైన రకాలున్నాయి, తోటల విషయంలో ఈ తేడాయే నిర్ణాయకం. మొదటి రకంలో శిలీంధ్రపు పోగులు వేరు కణాల లోపలికి చొచ్చుకుపోయి అక్కడ చెట్టు కొమ్మల్లా చీలి పోషకాలను మార్చుకుంటాయి. మామిడి, పనస, నారింజ, ఆపిల్, కాఫీ మొదలైన పండ్లచెట్లలో, తోట మొక్కలలో అత్యధికం ఈ రకానికి చెందినవే. ఈ శిలీంధ్రాలు చెట్టుకు ఎంతో మేలు చేస్తాయి గాని అవి ఎన్నడూ పుట్టగొడుగులను పుట్టించవు. రెండో రకంలో పోగులు వేరు కొన చుట్టూ తొడుగులా అల్లుకుని, కణాల మధ్య సందులలో మాత్రమే విస్తరిస్తాయి. ఓక్, పైన్, బీచ్, సాల వృక్షాలతో పాటు కాయల కోసం పెంచే చెట్లలో చెస్ట్‌నట్, హేజెల్‌నట్, పెకాన్ ఈ కోవలోకి వస్తాయి. ప్రపంచంలో అత్యధిక ధర పలికే అడవి పుట్టగొడుగులలో చాలా వరకు, అంటే పోర్చీని, ట్రఫుల్, షాంటరెల్, మత్సుతాకే వంటివి, ఈ రెండో రకం పొత్తు నుంచే పుడతాయి. కాబట్టి మామిడిచెట్టు కింద పోర్చీని విత్తనం చల్లడం వృథా ప్రయాస, ఎంత నీరు పెట్టినా ఎంత ఎరువు వేసినా ఆ వేరు ఆ శిలీంధ్రాన్ని స్వీకరించదు.

ఈ రెండో రకం పొత్తుకు ఐరోపాలోని చెస్ట్‌నట్ తోటలు చక్కని నిదర్శనం. పోర్చుగల్ ఈశాన్య మూలన త్రాస్-ఒస్-మోంతెస్ అనే కొండసీమలో, బ్రగాన్సా, వినాయిష్ పట్టణాల చుట్టుపక్కల, అంటుకట్టిన చెస్ట్‌నట్ చెట్లను విశాలమైన దూరాలలో నాటి, వాటి నడుమ పచ్చికను పెంచి, గొర్రెలను మేపడం తరతరాల అలవాటు. గోధుమ సరిగా పండని కొండ గ్రామాలకు దక్షిణ ఐరోపా అంతటా ఈ కాయల పిండే ఒకప్పుడు రొట్టెకు ఆధారం. శరదృతువులో కాయలు రాలే రోజులలోనే ఆ చెట్ల కింద పోర్చీని, నారింజరంగు టోపీ గల సీజర్ పుట్టగొడుగు, షాంటరెల్, రుస్సులా జాతులు మొలుస్తాయి. వాటిని ఎవరూ విత్తలేదు, వేళ్లలో అనాదిగా ఉన్న శిలీంధ్రాలే వానలు పడగానే పైకి వస్తాయి. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ట్రాక్టర్లు వచ్చాక, కలుపు పోతుందనీ వాననీరు ఇంకుతుందనీ ఏటా పలుమార్లు తోటను దున్నే అలవాటు పెరిగింది. చెట్టుకు పోషకాలు అందించే సన్నని వేళ్లు, వాటిని అంటుకున్న శిలీంధ్రాలు మట్టి పైపొరలలోనే ఉంటాయి కాబట్టి నాగటి పళ్లు సరిగ్గా వాటినే తెంచుతాయి. తెగిన వేళ్ల ద్వారా ఇంక్ తెగులును కలిగించే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి లోపలికి చొరబడుతుంది కూడా. ఆ ప్రాంతంలోని విశ్వవిద్యాలయ పరిశోధకులు దున్నిన తోటలను, దున్నకుండా సహజమైన పచ్చికను కొనసాగించిన తోటలను ఏళ్ల తరబడి పోల్చి చూసినప్పుడు, దున్నని తోటలలో తినదగిన పుట్టగొడుగుల జాతులూ దిగుబడీ ఎక్కువగా ఉండడమే కాక, కాయల దిగుబడి కూడా తగ్గలేదని వెల్లడైంది. పుట్టగొడుగుల సాగు అనగానే ఏదో విత్తడం, ఏదో చల్లడం గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ రైతు చేయవలసిన ముఖ్యమైన పని ఒక హానిని మానుకోవడమే. వన వ్యవసాయం గురించి రాసే చాలామంది ఈ సంగతిని ఒక వాక్యంలో దాటవేస్తారు. నిజానికి ఇదే అందులో కీలకం.

పుట్టగొడుగు తోటను కాపాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1938లో ఇటలీలోని జెనోవా సమీపంలో చెస్ట్‌నట్ బెరడును ఎండగొట్టే బ్లైట్ తెగులు బయటపడింది. ఆ తరువాతి దశాబ్దాలలో తెగులు వ్యాపించడమూ, కొండ గ్రామాల జనం పట్టణాలకు వలస పోవడమూ కలిసి ఎన్నో చెస్ట్‌నట్ తోటలను పాడుబెట్టాయి. ఆ దేశంలోనే పర్మా జిల్లా అపెనైన్ కొండలలో తారో లోయ ప్రజలు తమ చెస్ట్‌నట్, బీచ్ వనాలలో మొలిచే పోర్చీనికి 1996లో ఐరోపా యూనియన్ భౌగోళిక గుర్తింపు సాధించారు. బోర్గోతారో పుట్టగొడుగుగా పేరొందిన ఆ పంటను ఏరుకోవడానికి బయటి నుంచి వచ్చేవారు రుసుము చెల్లించి అనుమతి పత్రం తీసుకోవాలి, ఒక రోజులో ఇంత బరువుకు మించి ఏరరాదన్న నియమమూ ఉంది. వనాన్ని పలుచబరచడం, ఎండుకొమ్మలు తీసివేయడం వంటి పనులకు ఈ ఏర్పాటు ఒక ఆధారం కల్పించింది. పోర్చీనిని కుండీలోనో గదిలోనో వాణిజ్య స్థాయిలో పండించడం నేటికీ ఎవరికీ సాధ్యపడలేదు, అందువల్ల ఆ చెట్లు నిలిచి ఉన్నంతకాలమే ఆ పంట ఉంటుంది.

ట్రఫుల్ కథ దీనికి భిన్నమైనది, ఎందుకంటే అక్కడ మనుషులు శిలీంధ్రాన్ని చెట్టుకు చేర్చడం నేర్చుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్స్ ఆగ్నేయ ప్రాంతంలో జోసెఫ్ తాలోన్ అనే రైతు, ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల కింద రాలిన గింజలను ఏరి తన పొలంలో నాటగా, కొన్నేళ్లకు ఆ చెట్ల కింద కూడా ట్రఫుల్ దొరికింది. 1970ల నుంచి ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతిలో నర్సరీలోనే ఓక్, హేజెల్ మొలకల వేళ్లకు ట్రఫుల్ శిలీంధ్రాన్ని అంటించి అమ్ముతున్నారు. స్పెయిన్‌లో తెరువెల్ పర్వత ప్రాంతంలోని సర్రియోన్ వంటి గ్రామాలు, యువత వెళ్లిపోతూ ఉన్న దశలో, ఈ తోటలతో నిలదొక్కుకున్నాయి. అయినా నల్ల ట్రఫుల్‌కు సున్నపురాయి నిండిన క్షారనేల కావాలి, చెస్ట్‌నట్‌కు ఆమ్లనేల కావాలి. ఒక కొండకు సరిపడిన పంట పక్క కొండకు సరిపడకపోవచ్చు. పైగా మొక్క నాటిన తరువాత ఆరేడేళ్లకు గాని తొలి ట్రఫుల్ కనిపించదు, కనిపిస్తుందన్న హామీ కూడా లేదు.

ఆపిల్ తోటలో పరిస్థితి వేరు. ఆపిల్ వేరు పుట్టగొడుగులనిచ్చే శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకోదు గనుక అక్కడ కుళ్లుపదార్థాల మీద బతికే జాతులనే ఎంచుకోవాలి. వాటిలో స్ట్రోఫేరియా అనే ముదురు ఎరుపు టోపీ గల పుట్టగొడుగు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. దీనిని 1969లో తూర్పు జర్మనీలో గడ్డి మీద సాగుచేయడం మొదలుపెట్టారు, నేడు చైనాలో తోటల నీడలో విస్తారంగా పండిస్తున్నారు. కత్తిరింపులలో వచ్చిన కొమ్మలను ముక్కలు చేసి చెట్ల వరుసల మధ్య జానెడు మందాన పరిచి, స్పాన్ అని పిలిచే పుట్టగొడుగు విత్తనాన్ని అందులో కలిపి తడి ఆరకుండా చూస్తే, కొన్ని నెలలలో పంట మొదలవుతుంది. ఆ ముక్కలను మట్టిలో కలిపివేస్తే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా పట్టివేసి చెట్టుకు కొరత కలిగిస్తాయి కాబట్టి పైపొరగానే ఉంచాలి. ఒకటి రెండేళ్లలో అదంతా చివికి మట్టిలో కలిసిపోతుంది. ఈ శిలీంధ్రపు పోగుల మీద ఉండే ముళ్లవంటి కణాలు నులిపురుగులను గాయపరచి చంపుతాయని ప్రయోగశాలలో తేలింది.

హిమాచల్ ప్రదేశ్, జమ్మూకాశ్మీర్, ఉత్తరాఖండ్ కొండలలో మంచు కరిగే వేళ మొలిచే గుచ్చి కోసం ప్రజలు రోజుల తరబడి దేవదారు అడవులలో, తోటల అంచులలో వెతుకుతారు. తేనెపట్టులా గుంతలు పడిన టోపీ గల ఈ పుట్టగొడుగు ఎండినది కిలో పదివేల రూపాయలకు పైమాటే. దీనిని గదిలో పండించిన తొలి ప్రయోగాన్ని 1982లో అమెరికాకు చెందిన రోనాల్డ్ ఓవర్ ప్రకటించాడు. చైనా రైతులు సిచువాన్‌లో దానిని పొలాలలోకి తెచ్చారు: చలికాలం ఆరంభంలో విత్తి, తెల్లని పోగులు నేల మీదికి వచ్చాక గోధుమగింజలు నింపిన సంచులను వాటిపై ఉంచితే, శిలీంధ్రం ఆ సంచులలోని పోషకాలను మట్టిలోకి లాక్కుని, వసంతం ముందర పుట్టగొడుగులుగా పైకి వస్తుంది. ఆకు రాల్చే పండ్లతోటల వరుసల మధ్య కూడా, నీడవలలు కట్టి, ఇలా పండిస్తున్నారు; చెట్టు నిద్రలో ఉన్న నెలలలో నేల పనిచేస్తుంది. అయితే అదే నేలలో ఏటేటా వేస్తే దిగుబడి పడిపోతుంది, కొన్ని చోట్ల మొత్తంగా విఫలమవుతుంది. 1983లో సోలన్‌లో నెలకొల్పిన జాతీయ కేంద్రమే నేడు పుట్టగొడుగుల పరిశోధన సంచాలకాలయంగా ఎదిగి గుచ్చి సాగు మీద కృషి చేస్తోంది. ఈ విత్తనం అమ్ముతామంటూ పెద్ద లాభాల ఆశ చూపేవారిని నమ్మేముందు హిమాలయ రైతులు ఆ కేంద్రాన్ని సంప్రదించడం క్షేమం.

ఇప్పటిదాకా వివరించిన తోటలన్నీ చల్లని ప్రాంతాలవి. మామిడి, పనస, కాఫీ పెరిగే ఉష్ణమండల కొండల విషయంలో మాత్రం చైనా యున్నాన్ రాష్ట్రపు దక్షిణ కొన నుంచి, లావోస్, మయన్మార్ సరిహద్దుల నడుమ ఉన్న షిష్వాంగ్‌బన్నా నుంచి, నేర్చుకోవలసినది చాలా ఉంది. మెకాంగ్ నది పారే ఆ కొండలలో గత కొన్ని దశాబ్దాలలో రబ్బరు తోటలు అడవిని తినివేశాయి, అందువల్ల మిశ్రమ తోటల వైపు రైతులను మళ్లించడం అక్కడ తక్షణ అవసరం. వానాకాలంలో అక్కడి సంతలలో ఫ్లెబోపస్ పోర్టెంటోసస్ అనే ముదురు గోధుమరంగు పుట్టగొడుగు కుప్పలుగా కనిపిస్తుంది. పోర్చీనికి దూరపు బంధువైన దీని టోపీ అడుగు వెడల్పు దాకా పెరగగలదు, అడుగున రేకులకు బదులు పసుపుపచ్చని సన్నని రంధ్రాలుంటాయి. ఉత్తర థాయిలాండ్ సంతలలోనూ దీనికి గిరాకీ ఎక్కువ. ఈ జాతిని శాస్త్రలోకానికి తొలిసారి పరిచయం చేసినది 1873లో, శ్రీలంకలో దొరికిన నమూనా ఆధారంగా.

దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది పైన చెప్పిన రెండు తెగలలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. కాఫీ, మామిడి, పనస, నారింజ జాతి చెట్ల కింద మొలుస్తుంది గాని వాటి వేళ్లతో నేరుగా మైకోరైజా ఏర్పరచదు. వేరును పట్టుకుని రసం పీల్చే పిండినల్లుల చుట్టూ ఈ శిలీంధ్రం తన పోగులతో ఒక గట్టి గుల్లను కట్టుతుంది. గుల్ల లోపల నల్లులు వాననీటి నుంచీ శత్రుకీటకాల నుంచీ రక్షణ పొంది, వేరు రసం పీలుస్తూ తియ్యని ద్రవాన్ని విసర్జిస్తాయి, ఆ ద్రవమే శిలీంధ్రానికి ఆహారం. చెట్టు చక్కెర పురుగు కడుపు మీదుగా పుట్టగొడుగుకు చేరుతుందన్నమాట. యున్నాన్ ఉష్ణమండల పంటల సంస్థ పరిశోధకులు ఈ ముగ్గురి బంధాన్ని విడమరచి చూపారు. అంతకు ముందే, 2011లో ప్రచురించిన అధ్యయనంలో, చెట్టు తోడు లేకుండా కృత్రిమ పోషకాల మీద కూడా దీనిచేత పుట్టగొడుగులు పుట్టించవచ్చని నిరూపించారు. ఆ తరువాత అది చైనాలో గదులలో పండే వాణిజ్య పంటగా మారింది, పండ్లతోటలలో నేల మీద పెంచే ప్రయోగాలూ కొనసాగాయి.

ఇక్కడే ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. పిండినల్లి రైతుకు మిత్రుడు కాదు; కేరళ, కర్ణాటక కొండలలో మిరియపు తీగల వేళ్లను పట్టి ఎండగొట్టే తెగుళ్ల జాబితాలో వేరు పిండినల్లి పేరు ఉంది. దానికి ఇల్లు కట్టి ఇచ్చే శిలీంధ్రాన్ని తోటలో వదిలితే పుట్టగొడుగుల రాబడి ఒక పక్క, తోట నష్టం మరోపక్క తూచి చూసుకోవలసి వస్తుంది. అందుకే ఈ జాతిని తోటలో కన్నా గదిలో, పురుగుతో పని లేకుండా పెంచడమే మన కొండలకు సురక్షితమైన దారి.

విషం గురించి చెప్పకుండా ఈ విషయాన్ని ముగించడం బాధ్యతారాహిత్యం. పోర్చీనిని ఇచ్చే చెస్ట్‌నట్ వేరే డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన అమానిటా జాతిని కూడా ఇస్తుంది; ఎంత ఉడికించినా దాని విషం చావదు, తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత గాని వాంతులు, విరేచనాలు మొదలు కావు, ఆ తరువాత ఒక రోజు నెమ్మదించినట్టు కనిపించి కాలేయం దెబ్బతింటుంది. గుచ్చి కూడా పచ్చిగా గాని సరిగా ఉడకకుండా గాని తింటే ప్రమాదమే: 2023లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, సాగుచేసి దిగుమతి చేసిన ఈ జాతి పుట్టగొడుగులు తిని 51 మంది జబ్బుపడగా ఇద్దరు మరణించారు. పురుగుమందుల సంగతి మరొకటి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల పాత ఆపిల్ తోటలలో ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు లెడ్ ఆర్సెనేట్ చల్లేవారు. దశాబ్దాలు గడిచినా అక్కడ మొలిచిన గుచ్చిలో సీసం, ఆర్సెనిక్ ఉన్నట్టు 2010లో ప్రచురితమైన పరిశీలనలో బయటపడింది. శిలీంధ్రాలు మట్టిలోని లోహాలను తమలోకి పీల్చుకోగలవు, కాబట్టి రాగి మందులు, ఇతర శిలీంధ్రనాశకాలు విరివిగా చల్లే తోటలో తినే పుట్టగొడుగులను పెంచాలని చూడడం అన్ని విధాలా పొరపాటు.

తూర్పు కనుమలలో, అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులు సిల్వర్ ఓక్, పనస, మామిడి నీడలో కాఫీ పండిస్తూ, చెట్లకు మిరియపు తీగలు పాకిస్తూ, వన వ్యవసాయాన్ని పుస్తకాలలో చదవకుండానే ఆచరిస్తున్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వేరే కుటుంబపు చెట్టు కావడం వల్ల దాని కింద ట్రఫుల్ గాని పోర్చీని గాని ఆశించడానికి లేదు. తొలకరి తరువాత పుట్టల మీద మొలిచే టెర్మిటోమైసిస్ జాతులు ఇక్కడి అసలైన సంపద. చెదపురుగులు పుట్ట లోపల తాము తెచ్చిన ఆకుల పొడి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. ఆ పని మనిషికి ఇంకా పట్టుబడలేదు. కాబట్టి లేత మొక్కలకు దూరంగా, తోట గట్ల మీద ఉన్న పుట్టలను తవ్వకుండా, వాటిలో చెదల మందు పోయకుండా వదిలివేయడమే ఈ జాతికి చేయగలిగిన సాగు. అదనపు ఆదాయం కావాలనుకునేవారికి, 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి శాస్త్రవేత్తలు వర్ణించిన పాల పుట్టగొడుగు ఉంది. 25 నుంచి 35 డిగ్రీల వేడిలో వరిగడ్డి మీద పెరిగే ఈ భారతీయ జాతిని ఏజెన్సీ చలికాలంలో కాక వేసవి, వానాకాలాలలో ఇళ్ల పంచన గాని చెట్ల కింద వేసిన పాకలో గాని పండించవచ్చు.

చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానమూ, ఆర్.వి. నగర్ కాఫీ పరిశోధన కేంద్రమూ ఏ కొత్త విత్తనాన్నైనా రైతుకు పంచకముందు, ఈ కొండలలో ఏ చెట్టు కింద, ఏ నెలలో, ఏ పుట్టగొడుగు మొలుస్తుందో, వాటిలో ఏవి తినదగినవో, ఏటా ఏరుకునే గిరిజన మహిళలను అడిగి, వారి పేరుతోనే నమోదు చేయాలి. ఆ నమోదు పూర్తయ్యేదాకా, కాఫీ తోటల నేలను అనవసరంగా తవ్వవద్దని, రాలిన ఆకును కాల్చవద్దని రైతులకు చెప్పడం ఆ సంస్థలు ఈ సీజన్ నుంచే చేయగల పని.